పారాక్వాట్ గడ్డి మందు: గుణాలు, వాడకం, జాగ్రత్తలు.. ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన విషయాలు

ఉప్పలగుప్తం మండలంలో ఏ ఊరికి వెళ్లినా మూడే కనిపిస్తాయి: వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు. గొల్లవిల్లి, చల్లపల్లి, ఎస్.యానాం ఏ వైపు వెళ్లినా ఇంతే. ఈ మూడు చోట్లా రైతుకు తలనొప్పి తెచ్చేది గడ్డి. సార్వా ముందు గట్ల మీద గడ్డి, దాళ్వా కోసిన తర్వాత చేలో గడ్డి, వానలు పడితే కొబ్బరి చెట్ల మధ్య మోకాలి ఎత్తు గడ్డి. మనుషులను పెట్టి కోయిద్దామంటే కూలీలు దొరకరు, దొరికినా ఖర్చు తట్టుకోలేం. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి సార్వా సాగు వదిలేసినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ధర గిట్టకపోవడంతో పాటు కూలీ ఖర్చులు పెరిగిపోవడం కూడా అప్పట్లో రైతులు గట్టిగా చెప్పిన కారణమే.

అందుకే చాలామంది గడ్డి మందు సీసా కొనేస్తున్నారు. ఊళ్లో 'గడ్డి మందు' అంటే ఒకే మందు కాదు. గ్లైఫోసేట్ ఉంది, 2,4-డి ఉంది, పారాక్వాట్ ఉంది. మూడూ వేరు వేరు రసాయనాలు, పని చేసే తీరు వేరు, ప్రమాదం వేరు. వీటిలో డాక్టర్లు పేరు వింటేనే భయపడేది పారాక్వాట్. ఈ వ్యాసం దాని గురించే.

మన కుటుంబాల్లో కొందరికి సొంత తోటలున్నాయి, కొందరు కౌలుకు చేస్తున్నారు, కొందరు రోజు కూలికి స్ప్రే కొట్టడానికి వెళ్తున్నారు. కొడుకులు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, ఇక్కడ తోట పని పెద్దవాళ్లు, ఆడవాళ్లు చూసుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ వివరాలు మందు కొట్టే మనిషికి ఎంత అవసరమో, ఇంట్లో ఉండే అమ్మీలకు, దాదీలకు, పిల్లలకు కూడా అంతే అవసరం.

పారాక్వాట్ అంటే ఏమిటి?

పూర్తి పేరు పారాక్వాట్ డైక్లోరైడ్. ఇది ఒక రకం లవణం. నీళ్లలో సులువుగా కరుగుతుంది, ఆవిరి కాదు. ఈ పదార్థాన్ని 1882లోనే తయారు చేశారు. అప్పట్లో దీనితో గడ్డి చస్తుందని ఎవరికీ తెలియదు. ప్రయోగశాలలో రంగు మారే గుణం చూసి 'మిథైల్ వయోలజన్' అని పిలిచేవారు. 1955లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ శాస్త్రవేత్తలు జీలాట్స్ హిల్ పరిశోధన కేంద్రంలో దీని కలుపు చంపే గుణం కనిపెట్టారు. 1962లో 'గ్రామోక్సోన్' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ఆ బ్రాండు సింజెంటా కంపెనీది. మన దేశంలో చాలా కంపెనీలు వేరు వేరు పేర్లతో అమ్ముతున్నాయి. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఏ పేరున్నా, కింద చిన్న అక్షరాల్లో 'పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం ఎస్.ఎల్.' అని ఉంటే అది ఇదే మందు.

అసలు పారాక్వాట్‌కు రంగు లేదు. పొరపాటున ఎవరూ తాగకూడదని కంపెనీలు ఇందులో నీలం రంగు, ముక్కు మూసుకునేంత ఘాటు వాసన, వాంతి తెప్పించే పదార్థం కలిపే పద్ధతి తెచ్చాయి. కానీ అన్ని సీసాల్లో ఈ మూడూ ఒకే తీరుగా ఉంటాయని నమ్మి కూర్చోకూడదు. చీకట్లో, దాహంలో ఉన్న మనిషికి రంగు కనిపించదు. చిన్న పిల్లలకైతే నీలం రంగు షర్బత్‌లాగే కనిపిస్తుంది.

గడ్డిని ఎలా చంపుతుంది?

మొక్క ఆకుపచ్చ భాగం సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటుంది. ఆ పని జరిగే చోట పారాక్వాట్ అడ్డుపడి, అక్కడ నడవాల్సిన శక్తిని ప్రాణవాయువు వైపు మళ్లిస్తుంది. దాంతో కణాలను కాల్చేసే విష పదార్థాలు ఆకులోనే పుడతాయి. ఎండ బాగా ఉంటే కొన్ని గంటల్లోనే ఆకు వడలిపోతుంది, రెండు మూడు రోజుల్లో గడ్డి మాడిపోతుంది. ఈ తీరు తెలిస్తే వాడకంలో కొన్ని విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి.

ఒకటి. ఇది తాకిన చోటే పని చేస్తుంది, వేరు దాకా వెళ్లదు. కాబట్టి ఏడాది గడ్డి చస్తుంది కానీ గరిక, తుంగ లాంటివి కింద నుంచి మళ్లీ చిగురిస్తాయి. 'మందు కల్తీది' అని దుకాణదారుడితో గొడవ పడేవాళ్లలో కొందరిది నిజానికి ఈ సమస్యే. తుంగ మీద రెండోసారి, మూడోసారి ఇదే మందు కొట్టడం డబ్బు దండగ.

రెండు. దీనికి గడ్డికీ పంటకీ తేడా తెలియదు. ఆకుపచ్చగా ఏది ఉన్నా మాడ్చేస్తుంది. ముదిరిన కొబ్బరి చెట్టు మొదలుకు ఏమీ కాదు కానీ చిన్న కొబ్బరి మొక్క ఆకు మీద పడితే మాడుతుంది. అరటి, కంద, కూరగాయల మడులు పక్కనే ఉంటే గాలికి కొట్టుకెళ్లిన తుంపర చాలు, మచ్చలు పడిపోతాయి.

మూడు. మట్టి తగలగానే దాని శక్తి పోతుంది. బంకమట్టి రేణువులకు గట్టిగా అంటుకుపోతుంది. అందుకే మందు కొట్టిన కొద్ది రోజులకే విత్తనం వేసుకోవచ్చు. అయితే అది మాయమైపోయిందని కాదు. మట్టికి అంటుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది, మొక్కకు అందదు, అంతే.

నాలుగు. అదే కారణంతో బురద నీళ్లలో కలిపితే మందు చేలోకి వెళ్లకముందే చచ్చిపోతుంది. గోదావరికి ఎర్ర నీరు వచ్చే రోజుల్లో కాలవ నీళ్లు తెచ్చి ట్యాంకులో పోసి 'పని చేయలేదు' అనుకోవడం ఇందుకే. శుభ్రమైన నీళ్లే కలపాలి.

ఎక్కడ వాడతారు?

మన దేశంలో ఏ పురుగు మందు గానీ కలుపు మందు గానీ కేంద్ర పురుగు మందుల బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఏ పంటలో, ఎంత మోతాదులో వాడాలో ఆ రిజిస్ట్రేషన్‌లోనే ఉంటుంది. పారాక్వాట్‌కు టీ తోటలు, రబ్బరు, బంగాళాదుంప, పత్తి, మొక్కజొన్న, ద్రాక్ష లాంటి పంటల్లోనూ, వరి నాటే ముందు ఉన్న గడ్డిని చంపడానికీ అనుమతి ఉంది. వరి నాటిన తర్వాత కాదు. నాటిన చేలో ఇది పడితే వరే పోతుంది. మీరు ఏ పంటలో కొట్టబోతున్నారో ఆ పేరు సీసా లేబుల్ మీద లేకపోతే, 'అందరూ కొడుతున్నారు కదా' అని మొదలుపెట్టకండి. ముందు ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడగండి.

కోస్తా జిల్లాల్లో సార్వా వరి కోసిన చేలో దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి ఉంది కదా, అందులో ఎకరానికి ఒక లీటరు పారాక్వాట్‌ను 200 లీటర్ల నీళ్లలో కలిపి కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తూ వచ్చారు. అంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. 16 లీటర్ల ట్యాంకుకు 80 మిల్లీలీటర్లు. ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు.

ఇక్కడ కామర్స్ చదివిన వాడిగా నాకు కనిపించే లెక్క ఒకటుంది. మీకు కొట్టాల్సింది అర ఎకరం అనుకోండి. అర లీటరు చాలు. కానీ లీటరు సీసా కొంటే మిల్లీలీటరుకు చవక పడుతుందని లీటరే కొంటాం. మిగిలిన అర లీటరు ఇంటికి వస్తుంది. మంచం కిందో, వంటింటి వెనకో, బాత్రూమ్ కిటికీలోనో చేరుతుంది. ఏడాదంతా అక్కడే ఉంటుంది. చేలో ఆ మందుతో పని గంట సేపే, ఇంట్లో దానితో ప్రమాదం 365 రోజులు. వ్యాపారంలో స్టాక్ మిగలడం నష్టం అంటాం. ఈ సరుకు విషయంలో స్టాక్ మిగలడం ప్రాణం మీదకు తేవడమే. ఆ రోజు పనికి ఎంత కావాలో అంతే కొనండి. లేదా పక్క పొలం రైతుతో కలిసి ఒకే రోజు కొట్టించుకుని సీసా ఖాళీ చేసేయండి. చవకగా వచ్చిందని పెద్ద సీసా కొనడం చివరికి చవక కాదు.

మనిషికి ఏం చేస్తుంది?

గడ్డిలో చేసిన పనే మన ఒంట్లోనూ చేస్తుంది. ఇక్కడ వెలుతురు కూడా అక్కర్లేదు, మనం పీల్చే ప్రాణవాయువు చాలు. రక్తంలో కలిసిన పారాక్వాట్‌ను ఊపిరితిత్తుల కణాలు తమకు కావాల్సిన పదార్థం అనుకుని లోపలికి లాక్కుంటాయి. అక్కడ అది కణాలను కాలుస్తూ పోతుంది. బతికి బట్టకట్టినా ఊపిరితిత్తులు గట్టిపడిపోవచ్చు. మూత్రపిండాలు, కాలేయం కూడా దెబ్బతింటాయి.

దీనికి విరుగుడు మందు లేదు. కొన్ని పురుగు మందులకు అట్రోపిన్ లాంటి ఇంజక్షన్లు ఉన్నాయి, ఇది ఆ కోవలోది కాదు. సీసాలోని చిక్కటి మందు ఒక్క గుక్క లోపలికి పోయినా ప్రాణాపాయమే.

ఇంకో మోసం కూడా ఉంది. నోట్లోకి పోయిన మొదటి రోజు నోరు, గొంతు మంట, వాంతులు ఉంటాయి. తర్వాత మనిషి కూర్చుని మాట్లాడుతుంటే 'గండం గడిచింది' అనుకుని కొందరు ఇంటికి తీసుకెళ్లిపోతారు. కానీ రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం, ఆ తర్వాత రోజుల్లో ఆయాసం మొదలవుతాయి. కొందరిలో ఊపిరితిత్తుల సమస్య రెండు వారాల తర్వాత కూడా బయటపడుతుంది. కాబట్టి మనిషి బాగానే కనిపిస్తున్నా డాక్టరు చెప్పేదాకా ఆసుపత్రి వదలకూడదు.

చర్మం విషయానికొస్తే, గాయం లేని చర్మం గుండా ఇది పెద్దగా లోపలికి వెళ్లదు. కానీ కారుతున్న ట్యాంకు వీపుకు తగిలించుకుని పూటంతా పని చేస్తే వీపు, నడుము కాలిపోయి, ఆ పుండ్ల నుంచి విషం ఎక్కుతుంది. ప్రపంచంలో ఇలా చనిపోయినవాళ్లు ఉన్నారు. కంట్లో చిక్కటి మందు పడితే చూపు దెబ్బతినే పుండు పడుతుంది, అది మరుసటి రోజుకు ఎక్కువవుతుంది. గోళ్లు రంగు మారి ఊడటం, ముక్కు నుంచి రక్తం రావడం కూడా స్ప్రే చేసేవారిలో కనిపించే గుర్తులే.

చాలా ఏళ్లు ఈ మందుతో పని చేసినవారిలో వణుకు రోగం, అంటే పార్కిన్సన్స్, వచ్చే అవకాశం ఎక్కువని కొన్ని పరిశోధనలు చెప్పాయి. తయారీ కంపెనీ దీన్ని ఒప్పుకోవడం లేదు. అమెరికాలో ఈ విషయం మీద వేలాది కేసులు నడిచాయి, 2021లో వాటిని ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక ఫెడరల్ కోర్టు కిందకు చేర్చారు.

ఎవరు ఆపారు, ఎవరు ఆపలేదు?

స్వీడన్ 1983లోనే నిషేధించింది. యూరోపియన్ యూనియన్ అనుమతి ఇచ్చాక స్వీడన్ కోర్టుకు వెళ్లింది. 2007 జులైలో కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. శ్రీలంక 2008 నుంచి దశలవారీగా ఆపింది. దక్షిణ కొరియా 2011లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి 2012లో అమ్మకం ఆపింది. మలేషియా, థాయిలాండ్, బ్రెజిల్ 2020లో నిషేధం అమలు చేశాయి. టీ, రబ్బరు, వరి పండించే దేశాలే ఇవి. యూరప్‌లో వాడకం ఆగిన తర్వాత కూడా బ్రిటన్‌లోని హడర్స్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ నుంచి చాలా ఏళ్లు ఇతర దేశాలకు ఎగుమతి అవుతూనే వచ్చింది. తమ పొలంలో వద్దన్న మందు మన పొలానికి పంపడం ఏం న్యాయం అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

దక్షిణ కొరియాలో నిషేధం తర్వాత పురుగు మందులతో జరిగే మరణాలు బాగా తగ్గాయని, పంట దిగుబడి మాత్రం తగ్గలేదని అక్కడి పరిశోధకులు లెక్క తేల్చారు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంట్లో అందుబాటులో లేకపోతే చాలా ప్రాణాలు నిలబడతాయి.

మన దేశంలో కేరళ 2011లో నిషేధించింది. ఒడిశాలో బుర్లా ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి డాక్టర్లు 2019లో నిషేధం కోరుతూ ఆందోళన చేశారు. అయితే పురుగు మందుల చట్టం 1968లోని 27వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఒక మందు అమ్మకాన్ని 60 రోజులు, పొడిగిస్తే ఇంకో 30 రోజులు మాత్రమే ఆపగలదు. శాశ్వత నిర్ణయం కేంద్రం చేతిలో ఉంది. మన దగ్గర దుకాణంలో దొరుకుతోందంటే దాని అర్థం 'ప్రమాదం లేదు' అని కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

సీసా మీద ఒక చతురస్రంలో రెండు త్రికోణాలు ఉంటాయి. కింది త్రికోణం రంగు విషం ఎంతో చెబుతుంది. ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు అంటే తీవ్ర విషం, నీలం అంటే మధ్యస్థం, ఆకుపచ్చ అంటే తక్కువ. పారాక్వాట్‌కు పసుపు త్రికోణం. చదువు రాని కూలీకి కూడా ఈ రంగు చూపించి చెప్పవచ్చు.

సీలు వేసిన సీసానే కొనండి. విడిగా కొలిచి ఇస్తే తీసుకోకండి, అలా అమ్మడం చట్ట విరుద్ధం. బిల్లు తప్పకుండా అడగండి. పంట దెబ్బతిన్నా, మందు నకిలీ అయినా మీ చేతిలో రుజువు ఆ బిల్లే. సీసాతో పాటు కాగితం ఇస్తారు, అందులో తెలుగులో కూడా ఉంటుంది. మోతాదు, విష లక్షణాలు, ప్రథమ చికిత్స అన్నీ అందులో రాసి ఉండాలి. పారేయకుండా దాచండి.

కొట్టేటప్పుడు జాగ్రత్తలు

లుంగీ కట్టుకుని, ఒట్టి కాళ్లతో, బనియన్ మీద స్ప్రే కొట్టడం మన ఊళ్లలో రోజూ చూసే దృశ్యమే. ఈ మందుకు అది అసలు పనికిరాదు.

మందు సీసా మూత తీసి నీళ్లలో కలిపే క్షణమే అన్నిటికంటే ప్రమాదం. అప్పుడు మందు చిక్కగా ఉంటుంది. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, ముందు వైపు ప్లాస్టిక్ ఏప్రన్ తప్పనిసరి. కలిపే కర్ర, కొలిచే కప్పు దీనికే వేరుగా ఉంచండి. వంటింటి గ్లాసు, చాయ్ కప్పు తేకండి.

కొట్టేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, మాస్కు వేసుకోవాలి. ప్యాంటు అంచు బూటు బయటకు ఉండాలి, లోపలికి దోపితే కారిన మందు బూటులో చేరుతుంది.

ముందుగా ఒట్టి నీళ్లు పోసి ట్యాంకు కారుతోందేమో చూడండి. కారుతుంటే ఆ రోజు పని ఆపేయండి.

గాలి లేని పూట, గాలి వాలు చూసి, వెనక్కి నడుస్తూ గానీ పక్కకు గానీ కొట్టండి. తడిసిన గడ్డిలోకి నడిచి వెళ్లకండి. మన ఊళ్లలో సముద్రపు గాలి మధ్యాహ్నం నుంచి పెరుగుతుంది, పొద్దున్నే పని ముగించడం మేలు.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి. ఇది చాలామందికి అలవాటు. ఈ మందుతో ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. పాత టూత్ బ్రష్ ఒకటి వెంట ఉంచుకోండి.

చేతికి, కాలికి పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు ఈ పనికి వెళ్లకూడదు. కూలికి మనిషిని పిలిస్తే గ్లవ్స్, మాస్కు ఇవ్వాల్సిన బాధ్యత పిలిచినవాళ్లదే.

రంజాన్‌లో ఉపవాసం ఉన్నవాళ్లు ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. నీరసంలో కళ్లు తిరిగి పడితే మందు ఒంటి మీదే పడుతుంది. తప్పదంటే ఫజర్ తర్వాత చల్లటి వేళలో పూర్తి చేయండి, లేదా పండుగ తర్వాతకు వాయిదా వేయండి. నమాజుకు వెళ్లే ముందు వజూ ఒక్కటే సరిపోదు. బట్టలు మార్చి, సబ్బుతో తలస్నానం చేసి వెళ్లండి. అదే బట్టలతో చిన్న పిల్లలను ఎత్తుకోవద్దు. స్ప్రే బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు, ఉతికే ఆడవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి.

పశువులు, కాలవలు, చెరువులు

మందు కొట్టిన గడ్డి మేక గానీ గేదె గానీ తినకూడదు. లేబుల్ మీద రాసిన రోజులు గడిచేదాకా తోటలోకి తోలకండి. బక్రీద్ ముందు కొన్న మేకలను పక్కవాళ్ల కొబ్బరి తోటలో మేపుతుంటాం. ఆ తోటలో ఎప్పుడు మందు కొట్టారో ముందు అడిగి తెలుసుకోండి. తోట వాళ్లు కూడా మందు కొట్టిన రోజు గట్టు మీద ఒక ఎర్ర గుడ్డ కట్టి, చుట్టుపక్కల చెబితే ఎంతో మేలు. కొబ్బరి దింపు కార్మికులకు, డొక్కలు ఏరే ఆడవాళ్లకు కూడా ఆ మాట చేరాలి.

స్ప్రేయర్‌ను కాలవలో కడగకండి. మన ఊళ్లలో తాగునీటి చెరువులు నిండేది ఆ కాలవ నీళ్లతోనే. పారాక్వాట్ నాచును, నీటి మొక్కలను చంపుతుంది. రొయ్యల చెరువులోకి చేరితే నీటిలోని సహజ ఆహారం దెబ్బతింటుంది. గుర్రపు డెక్క తీయడానికి ఎవరికి వారు కాలవలో ఈ మందు కొట్టడం అసలు చేయకూడని పని.

ఖాళీ సీసాను మూడుసార్లు నీళ్లతో కడిగి ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి చేలో కొట్టేయండి. తర్వాత సీసాకు మేకుతో చిల్లులు పెట్టండి, మళ్లీ ఎవరూ వాడుకోలేరు. కిరోసిన్‌కు, నూనెకు, నీళ్లకు ఈ సీసా వాడకూడదు. కాల్చకూడదు. మన దగ్గర నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి కాబట్టి బావి దగ్గర, చెరువు గట్టు మీద పాతిపెట్టకండి. ఎక్కడ ఇవ్వాలో రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఇంట్లో ఒక్క మాట

మిగిలిన మందును కూల్ డ్రింక్ సీసాలో, వాటర్ బాటిల్‌లో పోయకండి. ఎప్పటికీ పోయకండి. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2000 తర్వాత ఆ దేశంలో పారాక్వాట్ పొరపాటున తాగి 17 మంది చనిపోయారు, వారిలో ముగ్గురు పిల్లలు. చాలా కేసుల్లో కారణం ఒక్కటే, మందును తాగే సీసాలోకి మార్చడం. శిక్షణ పొంది లైసెన్సు ఉన్నవాళ్లకే అమ్మే దేశంలోనే ఇలా ఉంటే, అందరికీ దొరికే చోట ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

మిగలక తప్పకపోతే అసలు సీసాలోనే, ఇంటి బయట, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇది పిల్లల కోసమే కాదు. ఇంట్లో గొడవలు జరుగుతాయి, అప్పుల వాళ్లు వస్తారు, పరీక్షల ఫలితాలు వస్తాయి. బాధ ఆ పూటదే అయినా, చేతికందే దూరంలో విషం ఉంటే అది జీవితం మొత్తాన్ని లాక్కుపోతుంది. ఆ సమయం దాటిపోతే మనిషి నిలబడతాడు. ఇంట్లో ఎవరైనా ముభావంగా ఉంటే సిగ్గుపడకుండా అడగండి, పక్కన కూర్చోండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పేరు చెప్పాల్సిన అవసరం లేదు.

ప్రమాదం జరిగితే

నోట్లోకి పోతే: వెంటనే 108కి ఫోన్ చేయండి. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మించండి. ఉప్పు నీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి, గొంతు మరింత కాలుతుంది. చింతపండు రసం, కోడిగుడ్డు అంటూ ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఎంత తక్కువ పోయినా, 'ఉమ్మేశాను' అన్నా ఆసుపత్రికే. ప్రతి నిమిషం లెక్కే. కడుపులో ఉన్న విషాన్ని పీల్చుకునే బొగ్గు పొడి లాంటివి మొదటి గంటా రెండు గంటల్లో ఇస్తేనే కొంత ఫలితం ఉంటుంది.

సీసా వెంట తీసుకెళ్లండి. డాక్టరుకు 'పురుగు మందు' అని కాకుండా 'పారాక్వాట్ గడ్డి మందు' అని పేరుతో చెప్పండి. వేరే విషాలకు చేసే చికిత్స దీనికి చేయరు. ఆయాసం చూసి ఆక్సిజన్ పెట్టమని కుటుంబ సభ్యులు పట్టుబడుతుంటారు. ఈ విషంలో అవసరం లేకుండా ఇచ్చే ఆక్సిజన్ ఊపిరితిత్తులకు హాని పెంచుతుంది. ఎప్పుడు ఇవ్వాలో డాక్టరుకు వదిలేయండి. మూత్ర పరీక్షతో ఈ విషం ఒంట్లో ఉందో లేదో తేల్చవచ్చు.

కంట్లో పడితే: కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, నొప్పి తగ్గినా కంటి డాక్టరుకు చూపించండి.

ఒంటి మీద పడితే: తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో కడగండి. రుద్దకండి.

ఉప్పలగుప్తం వాళ్లకు అమలాపురం ఆసుపత్రులు దగ్గర. పెద్ద చికిత్స అవసరమైతే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి పంపిస్తారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. డాక్టర్లు కూడా ఈ నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

అసలు ఇది లేకుండా కుదరదా?

చాలా చోట్ల కుదురుతుంది. గట్ల మీద గడ్డికి బ్రష్ కట్టర్ ఉంది. నలుగురు కలిసి కొన్నా, అద్దెకు తెచ్చినా సరిపోతుంది. కొబ్బరి తోటలో జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లితే గడ్డి అణుగుతుంది, కోసి కలియదున్నితే ఎరువు కూడా అవుతుంది. చెట్ల పాదుల్లో కొబ్బరి డొక్కలు, ఆకులు పరిస్తే గడ్డి తగ్గి తేమ నిలుస్తుంది. అరటి, కంద, కోకో లాంటి అంతర పంటలు ఉన్న తోటలో గడ్డికి ఎండే దొరకదు. వరి వరుసల్లో నాటితే కోనో వీడర్ తిప్పవచ్చు. కొబ్బరి విషయంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు సలహా ఇస్తారు. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి తెలుగులో అడగవచ్చు.

గడ్డి మళ్లీ మొలుస్తుంది, మళ్లీ కోసుకోవచ్చు. ఈ వ్యాసం చదివాక ముందు చేయాల్సిన పని ఒక్కటే. ఈ రోజే మీ ఇంట్లో, పశువుల పాకలో, మోటారు షెడ్డులో పాత గడ్డి మందు సీసా ఏదైనా ఉందేమో వెతకండి. మామూలు సీసాలో పోసి ఉంటే పిల్లలకు అందకుండా తీసి పక్కన పెట్టి, ఏం చేయాలో రైతు సేవా కేంద్రంలో అడగండి. గల్ఫ్‌లో ఉన్న భాయ్‌లు కూడా ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి.